అమ్మిన తరువాత

కొన్న వస్తువు ఎవరిది? డబ్బిచ్చి తెచ్చుకున్నవాడిదేనని వెంటనే అంటాం. ధర్మపురి పల్లెల్లో బోరు మోటారు కాలిపోతే రైతు కంపెనీకి ఉత్తరం రాస్తూ కూర్చోడు. టౌనులో వైండింగు కట్టేవాడి దగ్గరికి తెస్తాడు. అతను మాడిన తీగ ఊడదీసి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు.

కంప్యూటరులోని సౌండు కార్డు సంగతి వేరు. అది మాడనక్కర్లేదు, అరగనక్కర్లేదు. కార్డుకూ విండోస్‌కూ మధ్య మాట అందించేది డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము. విండోస్ మారితే అదీ మారాలి. కంపెనీ దాన్ని సరిగా రాసివ్వకపోతే బాగున్న కార్డే మూగబోతుంది. సెకండ్ హ్యాండ్ కంప్యూటరు కొని పిల్లల చేతికిచ్చే మనలాంటి ఇళ్ళకు ఇది చిన్న నష్టం కాదు. తీగ చుట్టేవాడు ఇక్కడ పనికిరాడు. లోపలి మర్మం కంపెనీ దగ్గరే ఉంది.

2007 జనవరిలో విండోస్ విస్టా వచ్చాక, సింగపూరు క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ కార్డులు కొన్న చాలామందికి ఇదే జరిగింది. తప్పంతా ఆ కంపెనీదే అనలేం. శబ్దాన్ని నడిపే పద్ధతినే మైక్రోసాఫ్ట్ విస్టాలో మార్చేసింది. బ్రెజిల్ యువకుడొకడు కంపెనీ డ్రైవర్లనే సరిదిద్ది, ఆగిపోయిన సౌకర్యాలు మళ్ళీ పనిచేసేలా చేసి పంచిపెట్టాడు, విరాళాలూ అడిగాడు. 2008 మార్చిలో కంపెనీ ఉపాధ్యక్షుడు అతన్ని ఆపమని బహిరంగంగా చెప్పాడు. ఏ కార్డుకు ఏ సౌకర్యం ఇవ్వాలన్నది తమ వ్యాపార నిర్ణయమనీ, అతను చేసేది తమ సరుకు దొంగిలించడంతో సమానమనీ ఆయన వాదన.

అందులో కొంత బలముంది. ప్రోగ్రాము వాళ్ళు రాసుకున్నది. దానిమీద మరొకడు డబ్బు తీసుకుంటే ఊరుకోవడం కష్టమే. కానీ కార్డుకు పూర్తి ధర ముందే తీసుకున్నారు కదా! బావి అమ్మాను గానీ నీళ్ళు అమ్మలేదన్నవాడి కథ మనం పిల్లలకు చెబుతాం. నీళ్ళు నీవైతే తోడుకుపో అని అందులో తీర్పు. పాత కార్డులన్నిటికీ ఎన్నేళ్ళైనా డ్రైవర్లు రాస్తూ ఉండమనడం అత్యాశే, దానికి మనుషులు కావాలి, జీతాలు కావాలి. రాయగలిగినవాడికి అడ్డుపడకుండా ఉండటానికి మాత్రం పైసా ఖర్చు లేదు. నా పేచీ అక్కడే.

కొన్నవాళ్ళ కోపం చూసి కంపెనీ కొంత మెత్తబడింది. అదే ఏడు నవంబరులో ఎక్స్-ఫై కార్డుల లినక్స్ డ్రైవర్‌ను, దాని సోర్సు కోడుతో సహా, ఎవరైనా దిద్దుకునే లైసెన్సు కింద బయటపెట్టింది. 2009లో అది లినక్స్‌లోనే భాగమైంది. ఇప్పుడు దాన్ని బాగుచేయదలచినవాడు సింగపూరును అడగనక్కర్లేదు.