భయము భక్తిలోపమా?

ఆలయమునకు వచ్చు భక్తులలో కొందరు స్వభావముచేతనే సుకుమార హృదయులు. చిన్నమాటకే నొచ్చుకొందురు. రాబోవు దానిని తలచి రాత్రులు నిద్రపోరు. జనసమ్మర్దములో గుండె దడదడలాడి, చేతులు చెమర్చి, క్యూలో నిలువలేక వెనుదిరుగుదురు. “దేవునిపై నమ్మకముంటే ఈ భయమెందుకు?” అని ఇంటివారు వారిని మందలించుట పరిపాటి. ఆ మాటతో వారికి భయముపై అపరాధభావము కూడ తోడగును. ఇట్లు మందలించుట ధర్మమేనా యని మనము విచారింపవలసియున్నది.

భగవద్గీత ప్రథమాధ్యాయమును స్మరింతము. అర్జునుడు పిరికివాడు కాడు. సాక్షాత్తు భగవంతుడే సారథియై అతని యెదుట ఉన్నాడు. అయినను అతని అవయవములు పట్టుదప్పెను, నోరెండెను, దేహము వణకెను, గాండీవము చేజారెను, నిలుచుటకైన శక్తి లేకపోయెను. ఇవన్నియు దేహమున పొడసూపిన లక్షణములే. భగవత్సన్నిధిలోనే ఇట్లు జరిగినపుడు, కలతచెందిన వానికి భక్తి లేదని తీర్పు చెప్పుటకు మనమెవరము? స్వామియు మొదట మందలించిన మాట నిజమే. కాని ఆ మందలింపుతో అర్జునుని శోకము తీరలేదు. శిష్యుడనై శరణు వేడుచున్నాను, బోధింపుమని అతడు ప్రార్థించిన పిదపనే ఉపదేశము సాగినది. నిలువలేనని పలికినవాడు తుదకు, సందేహము తొలగి నిలిచియున్నానని పలికెను.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున వాక్యకారుని అనుసరించి ఏడు సాధనములను చూపిరి: వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. ఇచ్చట వివేకమనగా ఆహారశుద్ధిచే కలుగు దేహశుద్ధి. కుంగిపోకుండుట యగు అనవసాదము ఆరవది. దేశకాలముల ప్రాతికూల్యమువలనను, శోకహేతువులను తలచుటవలనను మనస్సునకు కలుగు దైన్యమే అవసాదమని అచ్చటి వివరణము. దానికి భక్తిలోపము కారణమని చెప్పలేదు. అంతేకాదు, అనవసాదము సాధనములలో ఒకటి గనుక అలవరచుకొనవలసినది. పుట్టుకతో అది లేదని ఒకరిని నిందించుట తగదు.

దేహము ద్వారా మనస్సును చేరు మార్గమును ఆధునిక వైద్యమును గుర్తించినది. 1942లో అమెరికాలోని వాషింగ్టన్ నగరమున, సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో, మేరియన్ చేస్ అను నర్తకి మానసిక రోగులకు నాట్యము ద్వారా ఊరట కల్పింపనారంభించెను. క్షయరోగియై శానటోరియమున ఉన్నపుడు చిత్రలేఖనముచే సేదదీరిన ఏడ్రియన్ హిల్ అను ఆంగ్ల చిత్రకారుడు, ఆ యేటనే ఈ పద్ధతికి ఆర్ట్ థెరపీ యని పేరిడెను. భయము కలిగినపుడు ఊపిరి పైపైన వేగముగా ఆడును. దానిని నిదానముగా, దీర్ఘముగా విడిచినచో గుండె వేగము తగ్గును. హితవాక్యములు చెవి కెక్కని వేళ ఊపిరియు, అడుగును, చేతిపనియు మనస్సును చేరగలవు.

మన యిండ్లలో ఇట్టి పనులకు కొదువ లేదు. వాకిట చుక్కలు కలిపి ముగ్గు దిద్దునపుడు చూపు ఒకచోట నిలుచును. తులసిమాల కట్టునపుడు వ్రేళ్లకు పని కలుగును. సంకీర్తనము పాడునపుడు ఊపిరి తనంత తానే దీర్ఘమగును. ప్రదక్షిణమున అడుగు లయకు లొంగును.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. కైంకర్యము స్వామి ప్రీతికొరకు గదా, తన మనశ్శాంతికై చేసినచో అది స్వార్థము కాదా? తన్ను భజించువారు నలుగురని గీతలో చెప్పుచు స్వామి ఆర్తుని మొదట పేర్కొని, వారందరును ఉదారులే యని ఆదరించెను. ఊరటకై పట్టిన పూలదారము క్రమముగా స్వామికొరకే కట్టు మాల కావచ్చును. మొదటినాడే నిష్కామత్వమును కోరుట, నడువలేనివానిని కొండ నెక్కుమనుట వంటిది.

అయితే మాల వైద్యునికి బదులు కాదు. చరకుడు చికిత్స మూడు విధములని చెప్పెను: దైవమును ఆశ్రయించునది, యుక్తిని ఆశ్రయించునది, మనస్సును నిగ్రహించునది. ఒకటి ఉన్నదని మరియొకదానిని త్రోసిపుచ్చలేదు. నిద్రాహారములు చెడి, బ్రతుకుపై విరక్తి కలిగినచో వెంటనే వైద్యుని కడకు పోవలెను. అది దైవమును శంకించుట కానేరదు.

కావున గృహస్థులారా, మీ యింట ఒకరు భయముతో వణకుచున్నపుడు వారి విశ్వాసమును కొలువబోకుడు. ప్రక్కన కూర్చుండి, వారికి ఇష్టమైనచో పూలును దారమును అందింపుడు. వద్దన్నచో ఊరకే తోడుండుడు. అర్జునుని విడువక రథముపైననే నిలిచిన పార్థసారథి, వారికిని మనకును ధైర్యమును ప్రసాదించుగాక.