తేలిగ్గా ఉన్న రోజే జాగ్రత్త, చెల్లీ

చెల్లీ, మోకాళ్ళలో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ నువ్వు గడప దాటడం మానేశావట. నడిస్తే ఉన్న గుజ్జు కూడా పోతుందని నీ భయం. ఆ గుజ్జుకు రక్తనాళాలుండవమ్మా. కీలు వంగి చాచుకున్నప్పుడల్లా లోపలి ద్రవం అందులోకి ఇంకుతుంది, దాని పోషణ చాలావరకు అదే. కదలకుండా కూర్చుంటే ఆ పోషణ తగ్గుతుంది. తొడ కండ కూడా కరిగి, బరువంతా కీలు మీద పడుతుంది.

పొద్దస్తమానం ఇంటి పనేగా, అది చాలదా అంటావు. చాలదు. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడితే నడుం పడిపోతుందే గానీ కండకు బలం రాదు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు మోపకుండా లేచి, మెల్లగా కూర్చో. మొదట ఐదుసార్లు చాలు. లేవలేకపోతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకో. వంటింటి గట్టు పట్టుకుని మడమలు లేపి దించు. వారం పదిరోజులకోసారి ఒకటో రెండో పెంచు.

నీ విషయంలో నా దిగులంతా ఒకటే. నొప్పి కాస్త తగ్గిందంటే చాలు, అటకలు దులిపి, దుప్పట్లన్నీ ఉతికేస్తావు. సంక్రాంతి ముందైతే చెప్పనే అక్కర్లేదు. ఆ తర్వాత నాలుగు రోజులు మంచం దిగవు, కదిలితే నాకు పడదని తేల్చేస్తావు. నీకు పడనిది ఒక్కరోజులో అంత చెయ్యడం. తేలిగ్గా ఉన్న రోజున అనుకున్న కొలత దాటకు. బాగాలేని రోజున సగమైనా చెయ్యి.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది, భయపడకు. సున్నా నుంచి పది దాకా లెక్కేసుకుంటే ఐదు దాటకూడదు, మర్నాటికి మామూలుకు రావాలి. రాకపోతే తగ్గించు, మానకు. కీలు వాచి వేడెక్కి జ్వరం వచ్చినా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, గుండెలో నొప్పి అనిపించినా ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

వదినకు ఒళ్ళంతా నొప్పులు, ఫైబ్రోమయాల్జియా అన్నారు కదా, ఆవిడకూ చెప్పు. 2016లో యూరప్ కీళ్ళవైద్యుల సంఘం ఆ జబ్బుకిచ్చిన సూచనల్లో గట్టిగా సిఫార్సు చేసింది ఒక్క వ్యాయామాన్నే. మందులు మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా మానెయ్యవద్దను.

ఈ వయసులో నాకు బలమేమొస్తుందనకు. 1990లో అచ్చయిన ఒక పరిశీలనలో, బోస్టన్‌లో వృద్ధుల సంరక్షణాలయంలో ఉన్న తొంభై ఏళ్ళవాళ్ళ చేత 8 వారాలు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయిస్తే, వాళ్ళ కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది. నీకింకా అరవై ఆరే.

రేపు పొద్దున్న కాఫీ తాగాక ఐదుసార్లు లేచి కూర్చో. సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఎలా ఉందో చెప్పు.