కీ ఇవ్వని రోజు

మా ఇంట్లో రెండు వాచీలకూ కీ ఇచ్చేది నాన్నగారే. పొద్దున్నే సంధ్య వార్చుకుని, పంచపాత్ర బోర్లించి, తడిచేయి పంచెకు తుడుచుకుని, ముందు తన జనతాకు, తర్వాత అమ్మ సుజాతకు తిప్పేవారు. రెండూ హెచ్‌ఎంటీవే. జనతా కీ వేళ్లకు బాగానే అందుతుంది. సుజాతతోనే చిక్కు. ఆడవాళ్ల చేతికని చేసిన బుల్లి వాచీ, దాని కీ జొన్నగింజంత. బొటనవేలి గోరు ఆనించి కొంచెం కొంచెంగా తిప్పాలి. గిర్రు గిర్రుమంటూ పోయి పోయి చివర్లో అడ్డం తగులుతుంది. అక్కడ ఆపెయ్యాలి. బడికి వెళ్లే హడావుడిలో అమ్మకు అంత ఓపిక ఉండేది కాదు.

అమ్మ పోయాక కూడా ఆయన సుజాతకు కీ ఇవ్వడం మానలేదు. "ఎవరు పెట్టుకుంటారని నాన్నగారూ?" అని ఒకసారి అడిగేశాను. అడగకుండా ఉండాల్సింది. ఆయన వాచీ చెవి దగ్గర పెట్టుకుని, ఆడుతోందని నమ్మకం కుదిరాక, "నిత్యకర్మకు ఫలం అడక్కూడదమ్మాయ్" అన్నారు.

ఆయన కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి, ఊరికే అనరు. వేదకర్మల గురించి వాదించే మీమాంసకుల లెక్కలో కోరిక కోసం చేసేది కామ్యకర్మ. వాన కావాలి, కొడుకు కావాలి, స్వర్గం కావాలి. సంధ్యావందనంలాంటిది నిత్యం. చేస్తే ప్రత్యేకంగా వచ్చే ఫలం లేదు, మానేస్తే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం. జీతం లేదు గానీ జరిమానా ఉన్న ఉద్యోగమన్నమాట. ఉపనయనం లేనిదాన్ని కనక ఆ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు. దాని మీద నాకున్న కోపం ఇక్కడ చెప్పుకుంటే ఈ వ్యాసం చాలదు.

ఆ జనతాకు ఓ వింత ఉంది. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ గంటకు 18,000 సార్లు టిక్కుమంటుంది. 24తో గుణిస్తే రోజుకు 4,32,000. కలియుగానికి చెప్పే ఏళ్ల లెక్క సరిగ్గా అంతే. కాగితం మీద వేసి చూపిస్తే నాన్నగారు నవ్వి, "కాకతాళీయం. బయట అనకు, ప్రవచనం కట్టేస్తారు" అన్నారు. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల తయారీని ఆపేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ వార్త చదివి, పేపరు మడిచి, రెండింటికీ మామూలుగానే కీ ఇచ్చారు.

2018లో ఆయన్ను ఆసుపత్రిలో చేర్చాం. పదకొండు రోజులు. పన్నెండో రోజున ఆయన లేకుండా ఇంటికొచ్చాం. కర్మకాండలన్నీ అయ్యాక దేవుడి గూట్లో చూస్తే రెండు వాచీలూ ఆగి ఉన్నాయి. కీ ఇస్తే జనతా వెంటనే అందుకుంది. సుజాత నాలుగు టిక్కులు కొట్టి నిలిచిపోయింది. విదిలించాను, మళ్లీ నాలుగు. అమ్మ వాచీని నా చేతులారా చంపేశాననిపించింది. ప్రత్యవాయం అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

రాజమండ్రి మెయిన్‌రోడ్డు పక్క సందులో ఓ సాయిబుగారు పాత వాచీలు బాగుచేస్తారు. కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత తీశారు. ముందు ఒక చిన్న కొక్కేన్ని స్క్రూడ్రైవర్ మొనతో పక్కకు నొక్కి పట్టారు. చుట్టుకుని ఉన్న స్ప్రింగు సడలి, కీ తనంతట తనే గిరగిరా వెనక్కి తిరిగింది. ఆ స్ప్రింగు ఒక గుండ్రటి డబ్బీలో చుట్టగా ఉంటుందట. దాని బలం ఒక్కసారిగా అయిపోకుండా, పంటికొకటిగా వదిలే ఏర్పాటే మిగతా వాచీ అంతా. నన్ను కూడా చూడమన్నారు. బ్యాలెన్స్ చక్రం ఇరుసు మొన వెంట్రుకంత సన్నం. అది తిరిగే కెంపు చుట్టూ ఎండిన పాకంలా గోధుమరంగు మరక.

"ఇన్ని రోజులు కీ ఇవ్వలేదండీ, అందుకే పాడైందా?" అన్నాను.

"కీ ఇవ్వకపోతే ఏం పాడవుద్దమ్మా? ఆగుద్ది, అంతే. నూనె ఎండి ఏళ్లయింది. రోజూ కీ ఇస్తా ఉన్నారు కాబట్టి ఆ ఊపు మీద లాక్కొచ్చింది. ఆగింది కాబట్టి బయటపడింది."

ఆ రాత్రి నాన్నగారి బీరువాలోంచి తైత్తిరీయోపనిషత్తుకు శంకరుల భాష్యం తీశాను. ఆయన పెన్సిలు గీతలు అవతారికలోనే ఎక్కువ. శంకరులు అక్కడ మీమాంసకుల్ని నిలదీస్తారు. చేయకపోవడం అంటే అభావం, లేనితనం. లేనిదాంట్లోంచి దోషమనే ఉన్న వస్తువు ఎలా పుడుతుంది? నిత్యకర్మ మానడం పాపానికి కారణం కాదు, ఎప్పుడో పోగుపడి ఉన్న పాపానికి గుర్తు మాత్రమే అంటారు. సాయిబుగారు భాష్యం చదివి ఉండరు. నూనె మరకను చూసి అదే మాట అన్నారు. నాకు అంతకుముందు ఆ వాదం వట్టి వ్యాకరణ కసరత్తులా ఉండేది.

మరి గీతలు గీసి, ఒప్పుకున్న మనిషి, ఒక్కపూట కూడా సంధ్య ఎందుకు మానలేదు? భయం కాదని నాకు రూఢిగా తెలుసు. కీ ఇవ్వడం మీద ఒక పాత తగువు ఉంది. జర్మనీ తత్త్వవేత్త లైబ్నిజ్ 1715లో న్యూటన్ పక్షం వాళ్లను వెక్కిరించాడు: మీ దేవుడు అప్పుడప్పుడూ తన గడియారానికి కీ ఇచ్చుకోవాలి, లేకపోతే ఆగిపోతుంది, అంత చేతకాని పనివాడా అని. న్యూటన్ తరఫున క్లార్క్ అనే మతాచార్యుడు, దేవుడి చేయి అక్కర్లేని గడియారమైతే ఇక దేవుడెందుకు అని ఎదురు తిరిగాడు. ఇద్దరూ కీ ఇవ్వడాన్ని పరువు సమస్య చేసుకున్నారు. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడికి ఆ నామోషీ లేదు. మూడు లోకాల్లో తనకు పొందాల్సింది ఏదీ లేదంటూనే, తను పని మానితే ఈ లోకాలు చెడిపోతాయంటాడు. నాన్నగారు ఆయన జట్టు. ఫలమూ అక్కర్లేదు, జరిమానా భయమూ లేదు. ఆగిపోతుంది గనక తిప్పాలి.

సాయిబుగారు శుభ్రం చేసి, నూనె వేసి, సుజాతను వారానికి తిరిగిచ్చారు. అప్పట్నుంచీ రెండింటికీ నేనే కీ ఇస్తున్నాను, ఆయన వేళకే. ఆ వేళలో ఛాదస్తమేమీ లేదట. స్ప్రింగు బలం అడుగంటే కొద్దీ నడక తేడా వస్తుంది, రోజూ ఒకే వేళకు ఇస్తే ఆ తేడా ఒకే తీరుగా ఉంటుందని సాయిబుగారు చెప్పారు.

నాకు నాన్నగారి నిష్ఠ లేదు. మొన్న పెళ్లికని కాకినాడ వెళ్లి రెండు రాత్రులు ఉండిపోయాను. వచ్చేసరికి సుజాత 3:20 దగ్గర ఆగి ఉంది. అది పగటి మూడో, తెల్లవారుజామున మూడో ఆ ముళ్లను చూస్తే తెలియదు.