వినపడిన మాటకు ప్రమాణం

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటే వైద్యుడు రికార్డు చేసిన మాటను విని, రోగి ఫైలులో నిలిచే రాతగా మార్చే పని. ఆ పని చేసే మనిషి రోగిని చూడడు, వైద్యుణ్ణి ఎరగడు. అమెరికాలో మధ్యాహ్నం డిక్టేట్ చేసిన డిశ్చార్జి సమ్మరీ విశాఖపట్నంలో అర్ధరాత్రి హెడ్‌ఫోన్లలో వినపడుతుంది. తెల్లారేసరికి టైపై తిరిగి వెళ్లాలి. 2000 ప్రాంతంలో హైదరాబాదులోనూ విశాఖలోనూ ఎందరో డిగ్రీ చదివిన పిల్లలు ఈ పనిలో చేరారు. అందులో రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఎన్నడూ వినని మాట చెవిన పడితే దాన్ని ఏ ఆధారంతో రాయాలి? అది తెలిసిందని ఎప్పుడు అనుకోవాలి? నిఘంటువు తిరగేస్తే తీరిపోయే సందేహంలా కనిపిస్తుంది గాని, భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్న ఇదే. స్వయంగా చూడనివాడు, చూసినవాడి మాట మీద ఆధారపడి ఎంతవరకు తెలుసుకోగలడు?

జ్ఞానానికి ఆధారాలైన ప్రమాణాలు నాలుగంటాయి గౌతముడి న్యాయసూత్రాలు: ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి ఊహించి తేల్చడం), ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరో భాష్యకారుడు వాత్స్యాయనుడు విడమరిచాడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒక్కటేనని కూడా అన్నాడు. మాటకు విలువ పుట్టుకను బట్టి గాక ఎరుకను బట్టి వస్తుందని ఆ కాలంలో అనడం చిన్న విషయం కాదు. ఈ లెక్కన, పొద్దున రోగి కడుపు కోసి కుట్టి, సాయంత్రం ఆపరేషన్ నోట్ చెప్పే సర్జన్ పూర్తి అర్థంలో ఆప్తుడే.

అయితే ఆప్తుడి మాట పుట్టడం వేరు, చేరడం వేరు. మాటను చెడగొట్టే దోషాలు నాలుగని శాస్త్రకారులు లెక్కపెట్టారు: భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం. తప్పుగా ఎరగడం, ఏమరుపాటు, మోసగించాలన్న కోరిక, ఇంద్రియాల పటుత్వం చాలకపోవడం అని వాటి అర్థం. డిక్టేషన్‌లో మోసం దాదాపు ఉండదు. భ్రమ ఉందో లేదో వినేవాడు తేల్చలేడు. మిగతా రెండే అతడి బతుకు. వైద్యుడు నడుస్తూ, తింటూ, వెనక మానిటర్లు మోగుతుండగా, పదం చివరలు మింగేస్తూ చెబుతాడు. వినే చెవి తెలుగు చెవి. అది తనకు అలవాటైన శబ్దాలనే ముందు పట్టుకుంటుంది. ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ మధ్య తేడా అమెరికన్ నోట ఒక్క 'న్' మీద నిలిచి ఉంటుంది. ఇలియం అన్న ఒకే ధ్వని చిన్నపేగు చివరి భాగమూ కావచ్చు, తుంటి ఎముకా కావచ్చు. ఇంగ్లీషు రాతలో వాటి మధ్య ఒక్క అక్షరమే తేడా.

తెలియని మాట పట్టుకునే తీరును దగ్గరగా చూస్తే అందులో అనుమాన ప్రమాణం పనిచేయడం కనిపిస్తుంది. ఒక పదంలో చివరి భాగం 'సెంటీసిస్' అని స్పష్టంగా వినిపించి, మొదటి భాగం గరగరలో పోయిందనుకుందాం. సూది గుచ్చి నీరు తీయడమని ఆ చివరి భాగం చెబుతుంది. ఎక్కడి నీరు? అంతకు ముందు వాక్యంలో ఛాతీ ఎక్స్‌రే గురించి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి గురించి చెప్పి ఉంటే పదం థొరాసెంటీసిస్. పొట్ట ఉబ్బిందనీ కాలేయం దెబ్బతిన్నదనీ చెప్పి ఉంటే పారాసెంటీసిస్. అలా ఊహించినదాన్ని పట్టుకుని మళ్లీ వెనక్కి వెళ్లి విన్నప్పుడు, పోయిందనుకున్న మొదటి భాగం ఒకటిన్నర అక్షరమైనా చెవికి తగులుతుంది. అప్పుడు ఊహకు సాక్ష్యం దొరికినట్టు. తగలకపోతే అది ఇంకా ఊహే.

నిఘంటువు దగ్గరా తిప్పలు తక్కువేం కావు. కనురెప్ప వాలిపోవడాన్ని 'టోసిస్' అంటారు. టీ అక్షరం కింద ఎంత వెతికినా అది దొరకదు, పీ కింద ఉంటుంది. వ్యాధి ఒక మనిషి పేరుతో ఉంటే విడదీయడానికి ధాతువే ఉండదు. గియాన్ బారే అని వినపడే ఫ్రెంచి పేర్ల స్పెల్లింగ్‌ను శబ్దాన్ని బట్టి ఎవరూ ఊహించలేరు. స్టెడ్‌మన్, డార్లండ్ నిఘంటువులను ఈ పనిలో ఉన్నవాళ్లు పక్కనే పెట్టుకునేది ఇందుకే. ఇంటర్నెట్‌లో వెతికితే తప్పు స్పెల్లింగ్‌కు కూడా వేల ఫలితాలు వస్తాయి. ఒక తప్పును పదిమంది రాసినంత మాత్రాన అది ఒప్పుకు సాక్ష్యం కాదు. వాళ్లలో ఆప్తులెవరో తెలియదు గనక.

విన్న పదం వాక్యంలో పొసగుతుందో లేదో చూడడానికి సరిగ్గా సరిపోయే పనిముట్టును తెలుగువాడే ఒకడు చేతికిచ్చాడు. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం చదివేవారికి మొదటి పుస్తకం. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు కాలేరన్న సామెత ఆయన మీద పుట్టిందే. వాక్యం అర్థమివ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కావాలని ఆయన చెప్పాడు. పదాలు ఒకదాన్నొకటి కోరాలి, వాటి అర్థాలు ఒకదానితో ఒకటి పొసగాలి, అవి వెంటవెంటనే రావాలి. నిప్పుతో తడపమంటే వ్యాకరణం సరిగానే ఉన్నా యోగ్యత లేదు. ట్రాన్స్‌క్రిప్షన్‌లో మందుల పేర్లను కాపాడేది ఈ యోగ్యతే. సెలెబ్రెక్స్ కీళ్లనొప్పులకు, సెరెబిక్స్ మూర్ఛకు, సెలెక్సా మానసిక కుంగుబాటుకు. హడావిడి గొంతులో మూడూ ఒక్కలాగే వినిపిస్తాయి. మోకాలి అరుగుదల రిపోర్టులో సెరెబిక్స్ అని వినపడితే అది నిప్పుతో తడపడమే. మింగలేకపోవడానికి డిస్ఫేజియా అని, మాట పడిపోవడానికి డిస్ఫేసియా అని రెండు పేర్లున్నాయి. గొంతు పరీక్ష జరిగిందా, పక్షవాతం వచ్చిందా అన్నదాన్ని బట్టి ఏ పదమో తేలుతుంది.

కానీ యోగ్యత తప్పును పట్టిస్తుందే గాని ఒప్పును రుజువు చేయదు. ఈ తేడా ఎంత పెద్దదో ఒక కేసు చూపిస్తుంది. 2008లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మధుమేహం ఉన్న ఒక మహిళ ఆస్పత్రి నుంచి పునరావాస కేంద్రానికి మారింది. వైద్యుడు డిక్టేషన్‌లో చెప్పింది 8 యూనిట్ల లెవెమిర్ ఇన్సులిన్. ఇండియాకు వచ్చి టైపైన సమ్మరీలో అది 80 అయింది. వైద్యుడు సరిచూసి సంతకం చేయకముందే ఆ రాతను బట్టి ఆమెకు 80 యూనిట్లు ఇచ్చారు. ఆమె బతకలేదు. 2012 డిసెంబరులో అక్కడి జ్యూరీ ఆ కుటుంబానికి 14 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. రోజుకు 80 యూనిట్లు తీసుకునే రోగులు లోకంలో ఉన్నారు కాబట్టి వాక్యం యోగ్యతకు లోటు లేదు. అందులో వినని పదమూ లేదు. ఎనిమిదీ ఎనభై తెలియనివారెవరు?

ఈ విషయంలో అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది ఇదే. తెలియని పదం తనను తాను చూపించుకుంటుంది. అది రాగానే చెయ్యి ఆగుతుంది, వెనక్కి తిప్పి వింటాం, పక్కవాణ్ణి అడుగుతాం. తెలుసనిపించిన పదం ఏ అడ్డూ లేకుండా లోపలికి వస్తుంది. న్యాయసూత్రాల మొదటి సూత్రంలో చెప్పిన పదహారు పదార్థాల్లో ప్రమాణం, ప్రమేయం తరవాత మూడో స్థానం సంశయానిది. అసలు తెలియని విషయం మీద గాని, తేలిపోయిన విషయం మీద గాని విచారణ సాగదనీ, సందేహం ఉన్నచోటే సాగుతుందనీ వాత్స్యాయనుడు వివరించాడు. అంటే సందేహం జ్ఞానానికి శత్రువు కాదు, దాని గుమ్మం. వినని పదాన్ని చూసి భయపడే కొత్త ఉద్యోగి దగ్గర ఆ గుమ్మం తెరిచే ఉంటుంది. పదేళ్ల అనుభవం ఉన్నవాడి చెవి వాక్యం పూర్తికాకముందే దాన్ని పూరించేస్తుంది. జాగ్రత్త అతడికే ఎక్కువ కావాలి.

మరి ప్రతి మాటనూ సందేహించాలా? ఇక్కడ మీమాంస దర్శనం వారైన మీమాంసకులకూ, న్యాయ దర్శనం వారైన నైయాయికులకూ పాత తగవుంది. కుమారిల భట్టు పక్షంలో జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధం: దాన్ని కొట్టివేసే మరో జ్ఞానమో, ఇంద్రియ దోషమో బయటపడేదాకా దాన్ని నమ్మాలి. నైయాయికుల పక్షంలో ప్రామాణ్యం బయటి నుంచి వస్తుంది: నీళ్లనుకున్నది దప్పిక తీరిస్తే నీళ్లని రుజువు. పనిలో కూర్చున్నవారు మొదటి పక్షాన్నే పాటించక తప్పదు. ఈ పనికి కూలి చాలాచోట్ల లైను లెక్కన, 65 క్యారెక్టర్లు ఒక లైను. ఆగి వెతికిన నిమిషాలకు కూలి లేదు. ప్రతి పదం దగ్గరా ఆగితే పొట్ట గడవదు. రెండో పక్షం చెప్పే పరీక్ష ఇంకా కష్టం. మందు పేరు సరిగా రాశామో లేదో ఫలితాన్ని బట్టి తేల్చుకుందామంటే, ఆ ఫలితం తేలేది రోగి ఒంట్లో. కనక నైయాయికుల పరీక్షను రోగి దాకా పోనీయకుండా ముందే, కాగితం మీదే జరిపించాలి. మందుల పేర్లు, మోతాదులు, అంకెలు, కుడి ఎడమలు, 'లేదు' అన్న మాట వచ్చినచోట మీమాంస పక్షం వదిలి న్యాయ పక్షానికి రావడం ఈ వృత్తి ధర్మం. ఆ నిమిషాలకు కూలి లేకపోవడం అన్యాయమే గాని, అది రోగి చేసిన తప్పు కాదు.

ప్రమాణాలను ఏ ప్రమాణంతో సరిచూస్తారని బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో అడిగాడు. ఇంకో ప్రమాణంతో అంటే ఆ వరసకు అంతుండదు. దానికదే రుజువంటే మిగతావాటికి రుజువెందుకు? నిఘంటువును నిఘంటువుతో, చెవిని ఇంకో చెవితో సరిచూసేవారికి ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. న్యాయసూత్రాల్లో దీనికి సమాధానంగా నిలిచింది తక్కెడ. బంగారాన్ని తూచే తక్కెడను, తూకం తెలిసిన బంగారంతో మళ్లీ తూచి చూస్తారు. ఒకప్పుడు కొలిచేది మరొకప్పుడు కొలవబడుతుంది. విశాఖ పోర్టులో బొగ్గు లారీని తూచే కాటా అయినా తూనికలు కొలతల శాఖ ముద్ర పడ్డాకే చెల్లుతుంది. చెవి, సందర్భం, నిఘంటువు, అదే వైద్యుడి పాత రిపోర్టులు, వీటిలో ఏదీ చివరి ప్రమాణం కాదు. ఒకదాన్నొకటి సరిచూసుకునేలా నాలుగూ ఒక్కచోట కలిస్తే రాయడానికి అది చాలు. నాగార్జునుడికి ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు. రోగికి మాత్రం చాలినంత జవాబే.

కలవకపోతే ఏం చేయాలో ఒక పాత సంప్రదాయం చెబుతుంది. రుషికొండ ఐటీ కొండల నుంచి భీమిలి వైపు వెళ్లే దారిలో తొట్లకొండ, బావికొండ బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ భిక్షువులు నివసించారు. బుద్ధవచనం చాలాకాలం నోటి మాటగానే నిలిచిన ఆ సంప్రదాయంలో, మహాపరినిబ్బాన సుత్తం ఒక నియమం పెట్టింది. ఎవరైనా వచ్చి ఈ మాట స్వయంగా బుద్ధుడి నోట విన్నానంటే దాన్ని మెచ్చుకోవద్దు, తీసిపారేయవద్దు. పదాలనూ అక్షరాలనూ జాగ్రత్తగా పట్టుకుని, సుత్తంతో (ఉపదేశంతో), వినయంతో (సంఘ నియమాలతో) పోల్చి చూడాలి. పొసగితే తీసుకోవాలి, పొసగకపోతే విడిచిపెట్టాలి. చెప్పినవాడి గొప్పను బట్టి మొగ్గకుండా, అక్షరం దగ్గర ఆగి చూడమన్న ఈ సూచన ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణ పుస్తకంలో ఉన్నా అతకనట్టుండదు.

మెచ్చుకోకుండా, తీసిపారేయకుండా ఆగే ఆ నడిమి స్థితికి ఈ వృత్తిలో ఒక గుర్తుంది. తేలని పదం దగ్గర ఖాళీ గీత వదిలి, ఆడియోలో అది వచ్చిన నిమిషం, సెకను రాసి, వినపడిన ధ్వని ఇదని తెలిపి పైవారికి పంపుతారు. దీన్ని బ్లాంక్ పెట్టడమంటారు. ఎక్కువ బ్లాంకులు పెట్టేవారికి పని రాదనుకునే మేనేజర్లు ఉంటారు. వారి ఒత్తిడే ఊహలను రాతలోకి ఎక్కిస్తుంది. ఊహ ఒప్పయినా సరే అది తెలుసుకోవడం కాదు. 12వ శతాబ్దపు శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో గుప్పెట్లోని గవ్వల ఉదాహరణ ఇచ్చాడు. ఎన్నున్నాయంటే ఒకడు గుడ్డిగా ఐదంటాడు, విప్పితే ఐదే ఉంటాయి. జ్ఞానానికి మనమిచ్చే నిర్వచనాలను నిలదీయడానికి ఆయన దీన్ని వాడాడు. రోగి ఫైలులో అలా ఒప్పైన ఊహకూ, సరిచూసి రాసిన మాటకూ పైకి తేడా తెలియదు. తరవాత చదివే నర్సు రెంటినీ ఒకే నమ్మకంతో చదువుతుంది. అందుకే ఊహను నిశ్చయంలా రాయడం, అది ఒప్పైన రోజున కూడా, అసత్యమే.

ఇప్పుడు మొదటి రాత ఎక్కువగా సాఫ్ట్‌వేర్ రాస్తోంది, మనిషి దిద్దుతున్నాడు. విస్పర్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించిన అమెరికా పరిశోధకులు, సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని మాటలు రాతలోకి వచ్చాయని 2024లో చూపారు. మాటల మధ్య మౌనం ఎక్కువున్న గొంతుల దగ్గర ఇది మరింతగా జరిగింది. ఆ రాతలో సంశయమన్నది కనిపించదు. మౌనం ఉన్నచోటా వాక్యం పూర్తిగానే ఉంటుంది. దిద్దేవాడికి తెలియని పదం ఎదురవదు, నున్నటి పేరా ఎదురవుతుంది. అలబామా కేసులో ఎనభైలా ప్రతి పదమూ తెలిసినట్టే ఉంటుంది. కాబట్టి మందు పేరు, అంకె వచ్చినచోట తెర మీది రాత చూడకుండా ముందు వినడం, విన్నది మనసులో నిలిపాక రాతతో పోల్చడం ఇప్పుడు వెనకటి కంటే అవసరం.

బ్లాంక్ చివరికి చేరేది వైద్యుడి దగ్గరికే. ఆయన పూరించి సంతకం చేస్తే మాట మళ్లీ ఆప్తుడిదవుతుంది. ఒక్కోసారి తానేం చెప్పాడో ఆయనకే గుర్తుండదు. అప్పుడు కేస్‌షీటు తీసి చూస్తారు, మందుల చార్టు చూస్తారు, అదీ చాలకపోతే రోగిని మళ్లీ పరీక్షిస్తారు. ప్రతి ఆప్తవాక్యం వెనకా మొదట ఎవరో ఒకరి ప్రత్యక్షం ఉందని నైయాయికులు అన్నది దీన్నే.