జింక తీర్పు

వేటగాని తుపాకి ప్రాణము తీయును, ఛాయాగ్రాహకుని కెమెరా రూపమును మాత్రమే గ్రహించును, కావున మొదటిది హింస, రెండవది అహింస అని మాలో ప్రతివాడును నమ్మును. అడవికి పోవు జీపులోను, బొమ్మలు వ్రేలాడు ప్రదర్శనశాలలోను ఈ మాటకు ఎదురాడువాడు లేడు. ఈ విభజన చేసినవారము మనమే గాని జింక కాదుగదా అను శంక నన్ను చాలకాలముగా విడువకున్నది.

మా విద్యలోని ఉపాయములన్నియు వేటవద్ద ఎరువు తెచ్చుకొన్నవే. ఎదురుగాలిని నడచి వాసన తగులనీయకుండుట, నీటిపట్టుల వద్ద మాటు వేయుట, వీనిలో మేము కనిపెట్టినది ఒక్కటియు లేదు. శివాలిక్ అడవులలో అటవీశాఖాధికారిగా నుండిన ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ తుపాకిని కాదని, పులుల ఛాయాచిత్రములతో 1927లో గ్రంథము ప్రకటించిన మహనీయుడు. ఆయన సైతము రాత్రివేళ పులి నడచు దారిలో సన్నని తీగ కట్టి, దాని కాలు తగిలినంతనే మెరుపుపొడి వెలిగి, పులి తన బొమ్మను తానే తీసికొనునట్లు చేసెను. అక్కడ మనుష్యుడు లేడు. మనుష్యుని ఉద్దేశము మాత్రము తీగయై దారికి అడ్డముగా నుండెను.

బట్టమేక పిట్టను కాపాడుటకై 1988లో అభయారణ్యమైన రోళ్లపాడు బయళ్లలో, కాలినడకను వచ్చు కొత్తవానిని అల్లంత దూరమునుండియే చూచి పరుగిడు కృష్ణజింకలు ఎడ్లబండిని లెక్కచేయవు. ఇదియు పాత వేటగాండ్రు ఎరిగిన రహస్యమే. బండిలో జొన్నచొప్ప మీద బోరగిల పరుండి, లెన్సును చొప్పలోనుండి చాచి పోవుచుంటిని. మెలితిరిగిన కొమ్ముల ఇఱ్ఱి యొకటి మేయుచుండెను. దాని చెవులలో ఒకటి మావైపు, ఒకటి గాలివైపు తిరుగుచుండగా, తెల్లని వలయములోని నల్లని కన్ను మాత్రము నిశ్చలముగా నుండెను. వెలుగు కుదిరినది. బండి నిలుపుమని మెల్లగ నంటిని. ముసలి బండివాడు వెనుదిరుగకయే, “నిలపొద్దు సారూ. నిలిపినామంటే మనం వాటికోసరమే వచ్చినామని తెలుసుకుంటాయి,” అనెను. ఆ మాట ముగియకముందే చక్రము రాతికి తగిలి బండి నిలిచెను. ఇఱ్ఱి తలయెత్తి, తిన్నగా లెన్సులోనికి చూచి, ఒక్క దూకుతో మందను లేపుకొని పోయెను.

అదే బండి, అదే దూరము, అదే మనుష్యవాసన; మారినదేమి? అంతవరకు దారి మాత్రమే యున్న బండికి ఆ క్షణమున గురి యేర్పడినది. జింక వెరచినది తనపై నిలిచిన శ్రద్ధకు. ఆ శ్రద్ధ ప్రేమతో నిండినదో ఆకలితో నిండినదో అది వెలుపలనుండి తేల్చుకొనజాలదు. తేలువరకు ఆగు స్వభావమే దానికుండినచో, దాని వంశము నేటివరకు మిగిలియుండదు.

అట్లయిన గుంటూరు దాపున ఉప్పలపాడు చెరువులోని గూడబాతుల మాటేమి? ఊరి ముంగిటనే గూళ్లు కట్టి పిల్లలను పెంచు ఆ పక్షులు, ఎందరు గురిపెట్టి చూచినను లేచిపోవు. శ్రద్ధయే భయహేతువన్న నా సిద్ధాంతము అక్కడ నిలువదు. ఆ ఊరివారు వానికి కీడు రానీయరు. ఆ యభయమును పక్షులు ఎరిగియున్నవి. రోళ్లపాటి జింకలకును అట్టి నమ్మకము కలిగించుట మా ధర్మము కాదా యని కొంతకాలము తలచితిని.

ఇప్పుడట్లు తలపను. చెరువును కాచుటకు ఊరున్నది. జొన్నచేలలో చొరబడి రైతు కోపమునకు గురియగు జింకకు ఎవరున్నారు? కెమెరాకు అలవడిన జింక నా వెనుక ఉచ్చుతో వచ్చువానికిని అంత చేరువగానే నిలుచును. నేను సంపాదించిన చనువును వాడు ఖర్చుపెట్టును. కనుక అది నన్ను వేటగాడనియే యెంచుట మేలు. నా నిర్దోషిత్వమును దానికి ఎరుకపరుపవలెనను తపనలో దాని క్షేమముకంటె నా గౌరవమే పెద్దదిగా కనబడుచున్నది. నేలపై గ్రుడ్లు పెట్టు పక్షుల గూళ్ల దరికి మాత్రము నేను పోను. తల్లి లేచిపోయినచో ఎండకు గ్రుడ్లు చెడును, జింక పరుగువలె అది తీరిపోవు నష్టము కాదు.

తలయెత్తి చూచిన జింక బొమ్మను చెడినదిగా వేరుచేయుట మాలో వాడుక. నన్నెరుగనట్లు మేయుచున్నదే ప్రకృతిసిద్ధమని పేరు. ఆ ప్రకృతిలో బండియు, చొప్పయు, నేనును దాగియున్నాము. చెడినదానిలో ఎవరును దాగలేదు. అయినను పత్రికలవారు మేయు జింకనే కోరుదురు. నేనును దానినే పంపుచున్నాను. నా చింతన నా జీతము దాక వచ్చి అక్కడ ఆగినది.