బిల్లు లేని వీసీఆర్

బుజ్జీ,

కొని ఏడాదైనా కాని ఫోన్‌ని జగదీష్ మార్కెట్‌లో అమ్మేస్తానంటున్నావట, అమ్మ చెప్పింది. అంత డబ్బు అవసరం ఏమొచ్చిందో నేను అడగను.

అమ్ముకునే హక్కు నీకుంది. మీద కంపెనీ పేరున్నా, డబ్బిచ్చి కొన్నాక వస్తువు నీదే. శాంసంగ్ ప్రింటర్ల కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, విదేశంలో సక్రమంగా అమ్ముడైన సరుకును తెచ్చి ఇక్కడ అమ్మడాన్నీ ఒప్పుకుంది. కంపెనీ వారంటీ ఉండదని కొనేవాళ్లకు తెలిసేలా బోర్డు పెట్టాలంది. నా మనసు ఆ బోర్డు దగ్గరే ఆగింది.

నీ చిన్నప్పుడు అత్తయ్య చేతులకు మట్టిగాజులే ఉండేవి, గుర్తుందా? ఎందుకో నీకెవరూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో, దుబాయ్ సరుకని ఒకతను చెబితే, బిల్లు అడక్కుండా వీసీఆర్ కొన్నాను. వెనక నంబరు గీకేసి ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు వేలికి గరగరా తగిలేది. తెలిసీ ఊరుకున్నాను. ఆరునెలలకు మా ఆఫీసు గుమాస్తాకి అమ్మాను. అది దొంగసొత్తు. పోలీసులు అతనింటికెళ్లి, వాళ్లమ్మ చూస్తుండగా వీసీఆర్‌ని పట్టుకుపోయారు. అమ్మినవాడిది కానిది కొన్నవాడికీ సొంతం కాదని 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో ఉందని, 27వ సెక్షనని, స్టేషన్ బెంచీ మీద ప్లీడరు చెబితే తెలిసింది. అత్తయ్య బంగారు గాజులమ్మి అతని డబ్బు అతనికిచ్చాను. అయినా అతను మళ్లీ నాతో టీ తాగడానికి రాలేదు.

మీ తాతయ్య ఒక్క మర్ఫీ రేడియోతో ముప్ఫై ఏళ్లు వెళ్లదీశారు. ఇప్పుడు ఏడాదికో మోడలు, కిస్తీ తీరకముందే ఇంకో కిస్తీ. చూస్తుంటే నాకు భయమేస్తోందిరా.

సరే, పనికొచ్చే మాట. ముందు ఫోన్ కిస్తీలు తీర్చి, బాకీ లేదని ఫైనాన్స్ వాళ్ల దగ్గర కాగితం తీసుకో. అది చేతికొచ్చేదాకా ఫోన్ ఎవరికీ ఇవ్వకు. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు బిల్లుతో సరిచూడు. స్క్రీన్ బయట మార్పించావుగా, ఆ సంగతి నువ్వే ముందు చెప్పు. రెండు మూడు వేలు తగ్గితే తగ్గనీ. నీ అకౌంట్ల నుంచి లాగవుట్ అయ్యి, అంతా చెరిపి ఇవ్వు. కొన్నతని పేరు, ఐడీ, తేదీ, ఐఎంఈఐ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

కిస్తీల బాకీ ఎంత మిగిలిందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. సగం నేను పంపుతాను.

మీ మామయ్య