చేతిలో పైసా లేకుండా ఇల్లు కొనవచ్చునా?

ఉపాసకులారా, హనుమకొండలో ఇల్లు కిరాయికి అడిగితే "మీరు ఏమోళ్లు?" అనే ఓనర్లు ఇంకా ఉన్నారు. కాబట్టి సొంతిల్లు కావాలనుకోవడాన్ని తృష్ణ అని తీసిపారేయలేం.

అయితే 30 లక్షల లోపు గృహరుణానికి రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటుంది. ఇంటి ధరలో 90 శాతం దాకానే బ్యాంకు ఇస్తుంది, మిగతాది మనమే పెట్టుకోవాలి. అది లేనోళ్లకు మధ్యవర్తి ఉపాయం చెబుతాడు: 18 లక్షల ఇంటికి 20 లక్షలని అగ్రిమెంటు రాద్దాం, మొత్తం బ్యాంకే ఇస్తది, అందరూ చేసేదే గదా!

1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడనన్నది ఉంది. అది అగ్రిమెంటు కాగితానికి వర్తించదా? "బ్యాంకులు మనల్ని ఎన్నడు పట్టించుకున్నయి?" అంటారా, ఆ కోపం న్యాయమే. కానీ ఆ అబద్ధానికి వడ్డీ కట్టేది మీరే. 18 లక్షలకు 9 శాతం వడ్డీతో 20 ఏళ్లంటే నెలకు 16 వేల పైచిలుకు. జీతం 30 వేలైతే సగానికి మించి పోతుంది. ఒక్క నెల పని పోతే?

అనాథపిండికునికి బుద్ధుడు చెప్పిన గృహస్థుని నాలుగు సుఖాల్లో సంపద ఉండటం, దాన్ని అనుభవించడం కూడా ఉన్నాయి. వాటి పక్కనే అప్పులేని సుఖం, నిందలేని సుఖం ఉన్నాయి. సిగాలునికేమో సంపాదనలో నాలుగో వంతు దాచుకొమ్మన్నాడు. 30 వేలలో అది 7,500. రెండేళ్లకు 1,80,000, అంటే ఆ ఇంటికి కావలసిన 10 శాతం సరిగ్గా. రిజిస్ట్రేషన్ ఖర్చుకు ఇంకా చాలా నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఓనర్ల ఆ ప్రశ్న వినాల్సిందే. అది తేలికని నేననను.